రేవు బీడులో వెలసిన పేట

పాఠ్యభాగ నేపథ్యం

నగరాలు పెరుగుతున్నకొద్దీ వాటి చుట్టూ ఉన్న పచ్చని పొలాలు తరిగిపోతున్నాయి. అదే సమయంలో నగరాల నడిబొడ్డున మూతపడిన మిల్లులు, గిడ్డంగులు, నౌకాశాలలు ఏళ్ళతరబడి పాడుపడి ఉంటున్నాయి. అటువంటి భూమిని మళ్ళీ జనావాసంగా మలచడం ఎట్లా? అది ఎవరికి ఆవాసం కావాలి? ఈ రెండు ప్రశ్నలను స్వీడన్ దేశంలోని మాల్మో నగరపు అనుభవం ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది.

*

ఊరికి మిల్లు వస్తే ఊరి కాలమానమే మారిపోతుంది. కోడికూతకు బదులు మిల్లుకూత పొద్దును నిర్ణయిస్తుంది. కూత వినిపించగానే స్త్రీలు పొయ్యి వెలిగిస్తారు, పురుషులు సద్దిగిన్నె చేతపట్టి బయలుదేరుతారు, మిల్లు గేటు ఎదుట టీకొట్టు తలుపులు తెరుచుకొంటాయి. మిల్లు మూతపడిననాడు పోయేది జీతం ఒక్కటే కాదు. ఆ కాలమానం కూడా పోతుంది. 1934లో వరంగల్లులో నెలకొల్పిన ఆజంజాహీ మిల్లు గురించి ఆ ఊరి పెద్దలను అడిగితే ఈ మాటలోని బరువు తెలుస్తుంది. హైదరాబాదులో దిగువ ట్యాంక్‌బండ్ వద్ద ఉండిన డి.బి.ఆర్. మిల్లు కథ కూడా అటువంటిదే. పరిశ్రమ పోయిన తరువాత మిగిలేది భూమి. ప్రహరీగోడ, తుప్పుపట్టిన గేటు, లోపల నడుమెత్తు పెరిగిన సర్కారుతుమ్మ.

ఇటువంటి భూమిని ఆంగ్లంలో ‘బ్రౌన్‌ఫీల్డ్’ అని వ్యవహరిస్తారు. మన రైతు భాషలో దీనికి దగ్గరి మాట బీడు. అయితే రెండింటికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. దున్నక విడిచిన పొలం కొన్నేళ్ళు విశ్రాంతి తీసుకొని మళ్ళీ సారం పుంజుకొంటుంది. కార్ఖానా బీడుకు ఆ భాగ్యం లేదు. దశాబ్దాలపాటు నేలలోకి ఇంకిన నూనెలు, సీసం వంటి భారలోహాలు, తారు, రంగుల అవశేషాలు ఎన్ని వానలు కురిసినా కడుక్కుపోవు. పైగా ఆ వాననీటితో కలిసి భూగర్భజలంలోకి జారుతాయి. అందువల్ల ఈ బీడును బాగుచేయడం నాగలితో అయ్యే పని కాదు. మట్టిని పరీక్షించాలి, విషం ఉన్నచోట తవ్వి తీయాలి, శుద్ధి చేయాలి, లేదా దానిపై శుభ్రమైన మన్ను దళసరిగా పరచాలి. ఇదంతా ఖర్చుతో కూడిన పని. నగర శివార్లలో మాగాణి కొని ఇళ్ళు కట్టడం గృహనిర్మాతకు ఇంతకంటె ఎంతో చౌక. లెక్క అంతటితో ఆపితే పాడుపడిన మిల్లును ఎవరూ తాకరు.

కాని లెక్క అంతటితో ఆగదు. శివారులో వెలసిన ప్రతి కొత్త కాలనీకి రోడ్డు వేయాలి, నీటి గొట్టం లాగాలి, మురుగుకాలువ తవ్వాలి, బస్సు నడపాలి. కాలనీవాసులు రోజూ నగరంలోకి వచ్చిపోవడానికి ఇంధనం కాల్చాలి. పంట పండే నేల శాశ్వతంగా పోతుంది. నగరం మధ్యనున్న బీడుకు రోడ్డు, నీరు, విద్యుత్తు, బడి, ఆసుపత్రి ఇవన్నీ కూతవేటు దూరంలోనే ఉంటాయి. ఈ రెండవ లెక్కను గృహనిర్మాత వేయడు; నగరపాలక సంస్థ వేయాలి. మాల్మో నగరం ఆ లెక్క వేసింది. వేసిన తరుణం కూడా గమనింపదగినది. నగరం చేతిలో డబ్బు లేనప్పుడు, భవిష్యత్తుపై నమ్మకం సడలినప్పుడు అది ఆ పనికి పూనుకొన్నది.

మాల్మో స్వీడన్ దక్షిణపు కొసన ఉన్న ఓడరేవు. ఎదుట ఓరెసుండ్ జలసంధి, దానికి ఆవలి ఒడ్డున డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్. 1840లో ఫ్రాన్స్ హెన్రిక్ కాకుమ్ అనే వ్యాపారి ఇక్కడ ఒక యంత్రశాలను నెలకొల్పాడు. 1870 దశకం నుండి ఆ సంస్థ ఓడలు కట్టసాగింది. సముద్రాన్ని మన్నుతో పూడ్చి నేలను పెంచుకొంటూ, రేవుకు పడమటి దిక్కున కాకుమ్స్ నౌకాశాల విస్తరించింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం అది ప్రపంచంలోని పెద్ద నౌకాశాలల్లో ఒకటి. వేలాది కుటుంబాలు దాని మీద ఆధారపడి బ్రతికాయి. 1973-74లో అక్కడ 138 మీటర్ల ఎత్తున ఒక క్రేన్‌ను నిలబెట్టారు. 1500 టన్నుల బరువును అవలీలగా ఎత్తగల ఆ మహాయంత్రం నగరంలో ఏ మూలనుండి చూసినా కనబడేది. గాలిగోపురం చూచి ఊరిని గుర్తుపట్టినట్లు, ఆ క్రేన్‌ను చూచి మాల్మోను గుర్తుపట్టేవారు.

విధి వైపరీత్యమేమోగాని, ఆ క్రేన్ లేచిన కాలంలోనే ప్రపంచాన్ని చమురు సంక్షోభం చుట్టుముట్టింది. పెద్ద పెద్ద చమురు ఓడలకు గిరాకీ పడిపోయింది. జపాన్, దక్షిణ కొరియాలు తక్కువ ఖర్చుతో ఓడలు కట్టసాగాయి. ప్రభుత్వం ఆదుకొన్నా ఫలితం లేకపోయింది. వర్తక నౌకల నిర్మాణాన్ని ఆపివేయాలని 1986లో నిర్ణయించారు. జలాంతర్గాముల పని మాత్రమే మిగిలింది. ఉపాధి పోయినవారిని ఊరడించడానికి అదే చోట సాబ్ సంస్థ కార్ల కర్మాగారాన్ని తెరిచింది. 1989లో తెరిచిన ఆ కర్మాగారం 1991లో మూతపడింది. రెండేళ్ళ మురిపెం! 1970 దశకం ఆరంభంలో 2 లక్షల 60 వేలు దాటిన మాల్మో జనాభా 1980 దశకం మధ్యకు 2 లక్షల 30 వేల చేరువకు దిగింది. 1990 దశకం తొలినాళ్ళలో స్వీడన్ అంతటా ఆర్థిక మాంద్యం అలముకొన్నప్పుడు ఈ నగరంలో మరెన్నో వేల ఉద్యోగాలు పోయాయి.

ఇక క్రేన్ సంగతి. అది చిట్టచివరగా మోసిన బరువుల్లో మాల్మోను కోపెన్‌హాగెన్‌తో కలిపే ఓరెసుండ్ వంతెన స్తంభాల పునాదులు ఉన్నాయి. తాను ఏ నగరం కోసం పనిచేసిందో ఆ నగరపు కొత్త బ్రతుకుకు దారి వేసి అది విశ్రమించింది. తరువాత దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్ సంస్థ దానిని ఒక్క డాలరుకు కొన్నది. విప్పి, ఓడకెక్కించి తీసుకొనిపోయే ఖర్చంతా కొనుగోలుదారుదే. 2002లో క్రేన్ భాగాలు ఓడపై సాగిపోతున్నప్పుడు నగరవాసులు ఒడ్డున నిలిచి కన్నీరు పెట్టుకొన్నారు. అది చేరిన ఉల్సాన్ నగరంలో దానికి ‘మాల్మో కన్నీరు’ అని పేరు పడింది. కొన్నవారు అమ్మినవారి దుఃఖాన్ని ఆ వస్తువుకు పేరుగా పెట్టుకోవడం లోకంలో అరుదు.

క్రేన్ పోయింది, దాని కింది నేల మిగిలింది. 250 ఎకరాలకు పైబడిన ఆ రేవు ప్రాంతానికి స్వీడిష్ భాషలో ‘వెస్త్రా హామ్నెన్’ అని పేరు. పడమటి రేవు అని దానికి అర్థం. నగర కేంద్రానికి కాలినడక దూరం, మూడువైపుల సముద్రం. అట్టి చోటుకు పౌరులకు ప్రవేశం లేక నూరేళ్ళు దాటింది. 1994 నుండి 2013 వరకు నగరపాలన పగ్గాలు పట్టిన ఇల్మార్ రేపాలు స్వయంగా వాస్తుశిల్పంలో శిక్షణ పొందినవాడు. పోయిన పరిశ్రమ స్థానంలో మరో భారీ పరిశ్రమను వెదకడం మాని, విద్య, వంతెన, కొత్త పేట ఈ మూడింటిపై నగరం ఆశ పెట్టుకొన్నది. 1998లో రేవు ప్రాంతంలో ఉన్నతవిద్యాలయం ఆరంభమైంది. 2000 సంవత్సరంలో వంతెన తెరుచుకొన్నది. 2001 వేసవిలో రేవు ఒడ్డున ఐరోపా గృహనిర్మాణ ప్రదర్శన జరిగింది. దాని పేరు ‘బూ 01’. స్వీడిష్‌లో ‘బూ’ అనగా నివసించు. 01 ఆ సంవత్సరానికి గుర్తు. ప్రదర్శన అనగానే మనకు నుమాయిష్ గుర్తుకు వస్తుంది. నెలన్నర గడిచాక దుకాణాలు కట్టేసుకొని వెళ్ళిపోతారు. ఇక్కడ ప్రదర్శించినవి నిజమైన ఇళ్ళు. ప్రదర్శన ముగిశాక అవి అట్లాగే పేటగా నిలిచిపోయాయి.

ఈ పేట నిర్మాణంలో మొదట చెప్పుకోవలసినది భూమిని పంచిన తీరు. నగరం ఆ స్థలాన్ని గంపగుత్తగా ఒకే బడా సంస్థకు కట్టబెట్టలేదు. చిన్నచిన్న భాగాలుగా విభజించి అనేకమంది నిర్మాతలకు ఇచ్చింది. ఒక్కొక్కరు వేర్వేరు వాస్తుశిల్పులతో కట్టించారు. అయితే అందరూ కట్టుబడవలసిన నాణ్యతా నియమావళిని ముందుగానే నిర్మాతలతో కూర్చొని రచించారు. స్థలం నగరానిది కనుకనే షరతు పెట్టగలిగింది. భూమి చేయిజారిన తరువాత నియమాలు రచించే నగరం, పెళ్ళయ్యాక జాతకాలు చూపించేవాని వంటిది.

ప్రణాళికకు ప్రధాన శిల్పి క్లాస్ తామ్. ఆయన వీధులను గీటు గీసినట్లు తిన్నగా వేయలేదు. కొద్దిగా వంచాడు, అక్కడక్కడ విరిచాడు. సముద్రం వైపు అయిదారు అంతస్తుల మేడలను గోడవలె నిలిపి, వాటి వెనుక తక్కువ ఎత్తు ఇళ్ళను, ఇరుకైన సందులను, చిన్న చిన్న ముంగిళ్ళను అమర్చాడు. ఇది అలంకారం కోసం చేసినది కాదు. ఓరెసుండ్ మీదుగా వీచే పడమటి గాలి ఎముకలు కొరికేంత చల్లనిది. తిన్నని వీధిలో అది బాణంవలె దూసుకుపోతుంది. వంకర వీధిలో దాని వేగం విరుగుతుంది. మన పాత ఊళ్ళలోని సందులు ఎండను ఎట్లా అడ్డుకొంటాయో, మాల్మో సందులు గాలిని అట్లా అడ్డుకొంటాయి.

నగరాభివృద్ధి శాస్త్రజ్ఞులు ‘మిశ్రమ వినియోగం’ అనే మాటను విరివిగా వాడుతుంటారు. ఒకే పేటలో ఇళ్ళు, అంగళ్ళు, కార్యాలయాలు, బడులు కలిసి ఉండటం అని దీనికి అర్థం. ఇరవయ్యవ శతాబ్దపు నగర ప్రణాళికలు వీటిని విడదీశాయి. నివాసాలు ఒకచోట, వ్యాపారం ఇంకొకచోట, పరిశ్రమ మరొకచోట. ఫలితంగా పగలు ఒక ప్రాంతం, రాత్రి మరొక ప్రాంతం నిర్మానుష్యమయ్యాయి; ప్రతి పనికి వాహనం అవసరమయింది. మాల్మోలో భవనాల కింది అంతస్తులను అంగళ్ళకు, కాఫీ కొట్లకు అనువుగా ఎత్తుగా కట్టించారు. విజయవాడ వన్‌టౌన్‌లోనో, హైదరాబాదు సుల్తాన్‌బజారులోనో కింద దుకాణం, పైన కాపురం పెట్టుకొన్న కుటుంబాలకు ఈ శాస్త్రం కొత్తగా బోధించవలసిన పని లేదు.

కొత్త సంగతి మరొకటి ఉన్నది. పేటకు కావలసిన శక్తినంతా ఏడాది మొత్తం మీద స్థానికంగా లభించే, తరగని వనరుల నుండే సమకూర్చుకోవాలని సంకల్పించారు. రేవులో నిలిపిన గాలిమర విద్యుత్తునిస్తుంది. ఇళ్ళ కప్పులపై, గోడలపై సుమారు 1400 చదరపు మీటర్ల మేర సౌర ఫలకాలు నీటిని వేడిచేస్తాయి. అన్నింటికంటె చమత్కారమైనది భూగర్భంలోని ఏర్పాటు. మాల్మో నేల అడుగున సున్నపురాతి పొర ఉన్నది. ఆ రాతి పగుళ్ళలో నీరు నిలువ ఉంటుంది. వేసవిలో చల్లని బావుల నుండి నీటిని తోడి భవనాలను చల్లబరుస్తారు. ఆ క్రమంలో వేడెక్కిన నీటిని వెచ్చని బావుల్లోకి పంపుతారు. శీతకాలంలో ఆ వెచ్చని నీటిని పైకి తోడి, ఉష్ణపంపు సాయంతో దానిలోని వేడిని గ్రహించి ఇళ్ళకు అందిస్తారు. చల్లబడిన నీరు తిరిగి చల్లని బావులకు చేరుతుంది. మన గృహిణులు వేసవిలో ఊరగాయ పెట్టి ఏడాది పొడవునా వాడుకొన్నట్లు, వారు వేసవి వేడిమిని జాడీకెత్తి చలికాలానికి దాచుకొంటారు. జాడీ మాత్రం భూమాత గర్భంలోనిది.

పచ్చదనం విషయంలోనూ వట్టి ఉపదేశం కాక ఒక లెక్క పెట్టారు. బెర్లిన్ నగరపు పద్ధతిని అనుసరించి రూపొందించిన ఆ లెక్కకు ‘హరిత గుణకం’ అని పేరు పెట్టుకోవచ్చు. స్థలంలోని ప్రతి చదరపు మీటరుకు మార్కు వేస్తారు. మొక్కలు లోతుగా వేరూనగల నేలకు 1; నీరింకని గచ్చుకు సున్న; పచ్చిక పరచిన కప్పులకు, తీగలు పాకిన గోడలకు ఈ రెంటి నడుమ. మొత్తం మీద సగటు 0.5కు తగ్గరాదు. 1000 చదరపు మీటర్ల స్థలంలో 400 మీటర్ల భవనం, 300 మీటర్ల గచ్చు, 300 మీటర్ల తోట ఉన్నాయనుకొందాం. తోటకు మాత్రమే మార్కులు వస్తాయి కాబట్టి సగటు 0.3. నిర్మాత తప్పినట్లే. అతడు కప్పుపై పచ్చిక పెంచి, దానికి 0.6 చొప్పున మార్కు పొందగలిగితే 240 కలిసి 540 అవుతుంది, సగటు 0.54. గట్టెక్కినట్లే. దీనికి తోడు 35 అంశాల పట్టిక ఒకటి ఇచ్చి, అందులో కనీసం 10 అమలుచేయాలన్నారు. ఇంటికొక పక్షిగూడు, ముంగిట గబ్బిలాలకు పెట్టెలు, 50 రకాల అడవిపూల మొక్కలు వంటివి ఆ పట్టికలో ఉన్నాయి. గబ్బిలం ఇంట దూరితే శాంతి చేయించే మనకు, దానికి పెట్టె కట్టి ఆహ్వానించడం వింతగా తోచవచ్చు. దోమలను, పురుగులను తిని మేలుచేసే ప్రాణి అది.

వాననీటిని గొట్టాల్లోకి దింపి కనుమరుగు చేయలేదు. వీధుల వెంట రాతి కాలువల్లో, కుంటల్లో, రెల్లు పెరిగిన మడుగుల్లో మెల్లమెల్లగా పారించి సముద్రానికి చేర్చారు. చెత్తను గాలి పీల్చుడుతో పనిచేసే గొట్టాల ద్వారా సేకరించే ఏర్పాటు చేశారు. వంటింటి వ్యర్థాలనుండి జీవవాయువు తీస్తారు. క్రేన్ లేని ఆకాశాన్ని నింపడానికా అన్నట్లు 190 మీటర్ల ఎత్తున, 54 అంతస్తులతో ‘టర్నింగ్ టోర్సో’ అనే సౌధం 2005లో పూర్తయింది. నడుము మెలితిప్పిన మానవదేహాన్ని పోలిన ఈ కట్టడాన్ని రూపొందించినవాడు స్పెయిన్‌కు చెందిన శాంటియాగో కలత్రావా.

ఇంతవరకు చదివినవారికి మాల్మోలో అంతా సవ్యంగా జరిగిందని అనిపించవచ్చు. జరగలేదు. ప్రదర్శన నిర్వహించిన సంస్థ దివాలా తీసింది. టర్నింగ్ టోర్సో వ్యయం అంచనాలను ఎంతో మించిపోయింది. అమ్మదలచిన ఇళ్ళను చివరకు అద్దెకు ఇవ్వవలసి వచ్చింది. ఇంటిలో వాడే మొత్తం శక్తి చదరపు మీటరుకు ఏడాదికి 105 యూనిట్లు మించరాదని నియమం పెట్టగా, కొలిచి చూస్తే అనేక భవనాల్లో వాడకం ఆ హద్దు దాటింది. సముద్రం బాగా కనిపించాలని గోడంత కిటికీలు పెట్టారు. వాటి గుండానే వేడి బయటికి పోయింది. కాగితం మీద లెక్క సరిపోయినంత మాత్రాన కాపురంలో సరిపోదు. కార్ల వ్యవహారమూ అంతే. పది ఇళ్ళకు ఏడు కార్లు చాలునని లెక్కవేశారు. వచ్చి చేరినవారు అంతకంటె ఎక్కువ కార్లున్నవారు!

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. తొలిదశలో కట్టిన ఇళ్ళు ఖరీదైనవి. సముద్రపు చూపు, పేరుపొందిన వాస్తుశిల్పులు, మేలిరకపు సామగ్రి ఇవన్నీ ధరను పెంచాయి. నౌకాశాలలో ఇనుపరేకులు అతికి చేతులు కాల్చుకొన్న కార్మికుడు తాను పనిచేసిన నేల మీద ఇల్లు కొనలేకపోయాడు. అదే నగరంలో వలస వచ్చిన పేదలు అధికంగా నివసించే రూసెన్‌గోర్డ్ వంటి ప్రాంతాలు నిరుద్యోగంతో బాధపడుతూనే ఉన్నాయి. పేరుకు ఒకే నగరం, బ్రతుకులు రెండు. సంపన్నులకు పచ్చని పేట కట్టి దానిని ఆదర్శమని చాటడం సబబా అని స్వీడన్‌లోనే పలువురు నిలదీశారు. ఆ విమర్శలో న్యాయమున్నదని ఒప్పుకొనక తప్పదు.

నగరం ఆ విమర్శను పెడచెవిన పెట్టలేదు. రెండవ దశలో ‘ఫ్లాగ్‌హూసెన్’ అనే భాగాన్ని సుమారు 600 ఇళ్ళతో నిర్మించినప్పుడు అద్దె ఇళ్ళకు ఎక్కువ చోటిచ్చారు; ఖర్చు తగ్గించే మార్గాలను నిర్మాతలందరితో కలిసి ముందే చర్చించారు. మరొకవంక, నగరంలోని ఆగస్తెన్‌బోరి అనే పాత అద్దె ఇళ్ళ కాలనీని 1998 నుండి సంస్కరించారు. చిన్న వానకే నేలమాళిగలు మునిగిపోయే ఆ కాలనీలో కాలువలు, కుంటలు, పచ్చిక కప్పులు ఏర్పాటుచేసి ముంపు బాధను తగ్గించారు. ఈ వ్యాసకర్త దృష్టిలో సముద్రతీరపు మేడలకంటె ఈ పేదల కాలనీయే గొప్ప పని. కాని యాత్రికులు మేడలనే చూడబోతారు.

పడమటి రేవులో అందరికీ దక్కినది ఒకటున్నది. సముద్రపు ఒడ్డున పొడవైన నడకదారిని, చెక్కమెట్లను ఏ ఇంటికీ సొంతం చేయక బహిరంగంగా ఉంచారు. వేసవి వచ్చిందంటే నగరం నలుమూలల నుండి జనం ఈతకు వచ్చి ఆ మెట్ల మీద బారులుతీరుతారు. గొడవగా ఉన్నదని మేడలవారు మొదట్లో ఫిర్యాదు చేశారు. జనం రావడం మానలేదు.

ఈ కథను మన దేశపు అనుభవం పక్కన పెట్టి చూడటం అవసరం. ముంబయిలోని గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, ఒకప్పుడు దాదాపు 60 నూలుమిల్లులతో హోరెత్తేది. ఆ మగ్గాల మీద పనిచేసినవారిలో తెలంగాణ నుండి వలసవెళ్ళిన పద్మశాలీలు ఎందరో ఉన్నారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగారు. సమ్మె విఫలమయింది, మిల్లులు ఒక్కొక్కటిగా చల్లబడ్డాయి. సుమారు 600 ఎకరాల భూమి నగరం నడుమ మిగిలింది. 1991లో ఒక మంచి నియమం వచ్చింది. మిల్లు భూమిని వేరే అవసరానికి మళ్ళిస్తే అందులో మూడవ వంతు పార్కులకు, మైదానాలకు, మూడవ వంతు సామాన్యుల ఇళ్ళకు, మిగిలినది యజమానికి. 1996లో ప్రఖ్యాత వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఈ భూములను విడివిడిగా కాక కలిపి ప్రణాళిక వేయాలని సూచించింది. కాని 2001లో నియమాన్ని సవరించారు. మొత్తం భూమికి కాక, భవనాలు లేకుండా అప్పటికే ఖాళీగా ఉన్న జాగాకు మాత్రమే ఈ పంపకం వర్తిస్తుందన్నారు. మిల్లు ఆవరణలో ఖాళీజాగా ఎంత ఉంటుంది? ప్రజలకు రావలసిన వాటా చిటికెడయింది. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2006లో ఆ సవరణ చెల్లుతుందని తీర్పు వెలువడింది. ఆ నేల మీద నేడు అంగడి మేడలు, ఆకాశహర్మ్యాలు నిలిచి ఉన్నాయి. మాజీ కార్మికులకు లాటరీ పద్ధతిన ఇళ్ళు కేటాయించడం 2012లో మొదలయింది. అప్పటికి సమ్మె జరిగి 30 ఏళ్ళు గడిచాయి.

రెండు నగరాలలోనూ కార్మికుడికి దక్కినది తక్కువే. తేడా ఎక్కడంటే, మాల్మోలో భూమి నగరపు చేతిలో ఉన్నది. ముంబయిలో మిల్లు యజమానుల చేతిలో ఉన్నది. భూమి చేతిలో ఉన్న నగరం ఒక దశలో చేసిన పొరపాటును మరుదశలో దిద్దుకోగలిగింది. ముంబయిలో దిద్దుకొనే అవకాశాన్ని ఒక చిన్న సవరణ తుడిచిపెట్టింది.

మాల్మో పడమటి రేవు నేటికీ పూర్తి కాలేదు. ఏ నౌకాశాలతో ఈ కథ మొదలయిందో ఆ కాకుమ్స్ సంస్థ పాత కార్యశాలలున్న భాగాన్ని ఇప్పుడు పేటగా మారుస్తున్నారు. దానికి ‘వార్వ్స్‌స్తాదెన్’, అనగా నౌకాశాల నగరం, అని పేరు పెట్టారు. తొలిదశలో పాత కట్టడాలను పెద్దగా లెక్కచేయనివారు ఈసారి వాటిని వీలైనంతవరకు నిలుపుకొంటున్నారు. ఓడల భాగాలను పోతపోసిన పాత పోతశాలను కూల్చక, ఇటుకగోడలను, ఇనుపదూలాలను అట్లాగే ఉంచి కార్యాలయంగా మార్చారు. జనాభా మూడున్నర లక్షలు దాటిన నగరంలో, కార్మికుల మనుమలు కొందరైనా ఆ గోడల నడుమ మళ్ళీ పనికి వెళుతున్నారు. వారి తాతలు నడిపిన క్రేన్ మాత్రం ఉల్సాన్ రేవులో ఓడలను ఎత్తుతున్నది.

*

కఠిన పదాలు – అర్థాలు

బీడు = సాగుచేయక విడిచిన భూమి
కూతవేటు = పిలిస్తే వినిపించేంత దూరం
గంపగుత్త = మొత్తంగా ఒకేసారి అప్పగించడం
అవలీలగా = సునాయాసంగా
ఆకాశహర్మ్యం = మిక్కిలి ఎత్తయిన మేడ
పోతశాల = లోహాన్ని కరిగించి అచ్చుల్లో పోసే చోటు

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. మాల్మో పడమటి రేవు పునర్నిర్మాణంలోని మంచిచెడులను వివరించండి.
2. మాల్మో, ముంబయి నగరాల అనుభవాలను పోల్చి, భూమి యాజమాన్యానికి గల ప్రాధాన్యాన్ని చర్చించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. పొలం బీడుకు, కార్ఖానా బీడుకు గల భేదమేమి?
2. మాల్మో ప్రజలు వేసవి వేడిమిని ఎట్లా దాచుకొంటారు?
3. మీ కళాశాల ఆవరణకు ‘హరిత గుణకం’ లెక్కించండి. నియమం నెరవేరకపోతే ఏమి చేయవచ్చునో రాయండి.
4. మీ ఊరిలో మూతపడిన మిల్లు లేదా కర్మాగారం గురించి అందులో పనిచేసినవారిని అడిగి తెలుసుకొని ఒక పేజీకి మించకుండా రాయండి.

సందర్భసహిత వ్యాఖ్యలు

1. “పేరుకు ఒకే నగరం, బ్రతుకులు రెండు.”
2. “జనం రావడం మానలేదు.”

విడదీసి సంధి పేరు తెలపండి

జనావాసం, నగరాభివృద్ధి, యుద్ధానంతరం